చిన్న అణుబాంబు అనేది ఉందా?

మిత్రులారా,

ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టే బాంబులు వేరు, యుద్ధరంగంలో సైన్యం మీద వేసే చిన్న బాంబులు వేరు, అవసరమైతే ఆ చిన్నవి వాడొచ్చు అని చదువుకున్నవాళ్లే తేలిగ్గా అనేస్తున్నారు. వాటిని టాక్టికల్ అణ్వాయుధాలు అంటున్నారు. ఇవాళ ఈ ఒక్క వాదన గురించే మాట్లాడతాను. అసలు ప్రమాదం ఇక్కడే ఉందని నా నమ్మకం.

ముందు సైజు సంగతి చూద్దాం. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద పడ్డ బాంబు శక్తి సుమారు 15 కిలోటన్నులు, అంటే 15 వేల టన్నుల టీఎన్‌టీ మందుగుండు ఒక్కసారిగా పేలినంత. ఇవాళ్టి లెక్కల్లో అది చిన్న బాంబే. ఆ ఏడాది చివరికల్లా అక్కడ దాదాపు 1,40,000 మంది చనిపోయారు. నగరంలోని డాక్టర్లు, నర్సుల్లో నూటికి తొంభై మంది చనిపోవడమో గాయపడడమో జరిగింది. కాలిన ఒళ్లతో వచ్చినవాళ్లను చూసే దిక్కు లేదు.

లక్ష్యం సైనికులే, ఆడవాళ్లూ పిల్లలూ కాదని అప్పటి అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ జులై 25న డైరీలో రాసుకున్నారు. బాంబు పేలింది నగరం నడిబొడ్డున. నాగసాకి తర్వాత, ఆగస్టు 10న, తన అనుమతి లేకుండా ఇంకో బాంబు వేయొద్దని ఆయనే ఆపించారు.

యుద్ధం ఆగింది ఆ బాంబుల వల్లే కదా అంటారు. సోవియట్ యూనియన్ ఆగస్టు 8న జపాన్ మీద యుద్ధం ప్రకటించింది కాబట్టి, ఏది ఎంత పనిచేసిందన్నది చరిత్రకారులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. కానీ అప్పుడు బాంబు ఉన్నది ఒక్క దేశం దగ్గరే. తిరిగి కొట్టే శక్తి జపాన్‌కు లేదు. ఆ పరిస్థితి మళ్లీ రాదు.

ఇక వ్యూహం. ఒక్కటి వేస్తే అవతలివాడు జడిసి ఆగిపోతాడట. మరి అవతలివాడూ అదే నమ్మి, తనూ ఒకటి వేస్తే? పేలుడు చూసినవాడికి అది చివరిదో మొదటిదో తెలియదు. ఆలోచించుకోవడానికి ఉండేవి నిమిషాలు. ఆ టెన్షన్‌లో శత్రువు మన మనసులో మాట సరిగ్గా చదువుతాడని ఆశపడి కోట్ల ప్రాణాలను పందెం కాయడం నా దృష్టిలో వ్యూహమే కాదు.

1955లో అమెరికా, పశ్చిమ యూరప్ దేశాల సైనిక కూటమి నాటో వైమానిక దళాలు కార్ట్ బ్లాంష్ అనే యుద్ధ విన్యాసం చేశాయి. 335 అణుబాంబులు పేలినట్టు లెక్కగట్టారు, అందులో ఎక్కువ పశ్చిమ జర్మనీ గడ్డ మీదే. 17 లక్షల మంది జర్మన్లు చనిపోతారని, 35 లక్షల మంది గాయపడతారని తేలింది. రేడియేషన్ వల్ల తర్వాత పోయేవాళ్లు ఈ లెక్కలో లేరు. వీళ్లు కాపాడాల్సిన దేశమది!

1962లో క్యూబా మీద దాడికి అమెరికా సిద్ధమవుతున్నప్పుడు, అక్కడి సోవియట్ సైన్యం దగ్గర అప్పటికే టాక్టికల్ అణ్వాయుధాలు ఉన్నాయి. అప్పటి అమెరికా రక్షణ మంత్రి మెక్‌నమారాకు ఆ సంగతి స్పష్టంగా తెలిసింది ముప్పై ఏళ్ల తర్వాత, 1992లో, హవానాలో.

1996లో అంతర్జాతీయ న్యాయస్థానం, అణ్వాయుధాల వాడకం సాధారణంగా యుద్ధ నియమాలకు విరుద్ధమని చెప్పింది. దేశం ఉనికికే ముప్పు వచ్చినప్పుడు ఏమిటన్నది మాత్రం తేల్చలేదు. న్యాయమూర్తులు ఏడుగురు అటు, ఏడుగురు ఇటు చీలి, న్యాయస్థానం అధ్యక్షుడి అదనపు ఓటుతో బయటపడ్డ అభిప్రాయం అది. ఆ అసంపూర్ణత నన్ను బాధిస్తుంది. అయితే అదే అభిప్రాయంలో ఒక పేరా ఉంది. చిన్న బాంబుల వాడకం చట్టబద్ధమేనని వాదించిన దేశాల్లో ఒక్కటి కూడా, సరిగ్గా ఏ పరిస్థితిలో వాడొచ్చో చెప్పలేదని, అది పెద్ద బాంబుల దాకా పోదని చూపించలేదని న్యాయస్థానం అందులో రాసింది. చిన్న బాంబు గురించి ఎవరు మాట్లాడినా ముందు ఈ రెండింటికీ జవాబు అడగండి.