టోపీని చొక్కాలా తొడిగించిన అనువాద యంత్రం

నమస్కారం. ఈ అరచేతి అనువాద యంత్రాన్ని కంపెనీవాళ్లే ఉచితంగా పంపారు, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. బ్యాటరీ, తెర, ఎన్ని భాషలు వచ్చు అన్నవి మీరు ఈపాటికి చూసే ఉంటారు. నా గొడవంతా ఒక్క క్రియతోనే. ఇంగ్లీషులో ‘వేర్’, అంటే ఒంటి మీద వేసుకోవడం.

జపనీస్‌లో దానికి సరిపోయే ఒక్క మాట లేదు. చొక్కా, కోటు, కిమోనో అయితే ‘కిరు’. ప్యాంటు, సాక్సులు, బూట్లు, అంటే కాళ్ల మీదుగా ఎక్కించుకునేవన్నీ ‘హకు’. టోపీకి ‘కబురు’. అవును, వినడానికి మన కబురే! కళ్లజోడుకు ‘కకేరు’. ఉంగరానికి, మాస్కుకు మామూలుగా ‘సురు’ అనేస్తారు. మనకు ఇందులో వింత ఏముంది? చీర కట్టుకుంటాం, గాజులు తొడుక్కుంటాం, పూలు ముడుచుకుంటాం. కళ్లజోడు కట్టుకున్నానంటే మా అమ్మ వారం రోజులు నవ్వుతుంది.

ఇప్పుడు వినండి. ‘కళ్లజోడు, టోపీ పెట్టుకుని బూట్లు వేసుకున్నాను’ అంటున్నాను... విన్నారా? మూడింటికీ కలిపి ఒకే ‘కిరు’! ‘మెగానె ఓ కకేతె, బోషి ఓ కబుత్తె, కుత్సు ఓ హైతె ఇమాసు’ అని రావాలి. విడివిడిగా అడిగితే సరిగ్గానే చెబుతుంది. వరసగా మూడు చెబితే తికమకపడుతుంది.

నేను ఉండేది టోక్యోలో, నిషి కసాయ్‌లో. మొన్న దీన్ని నమ్ముకుని ఒక టోపీల దుకాణంలో ‘కితె మితె మో ఈ దెసు క’ అని అడిగాను. టోపీని చొక్కాలా తొడుక్కుని చూడవచ్చా అన్నట్టు! దుకాణంలో ఆవిడ నవ్వలేదు. ‘హాయ్, కబుత్తె మితె కుదసాయ్’, అంటే పెట్టుకుని చూడండి అని, ‘కబురు’ నుంచి వచ్చిన ఆ కబుత్తెను కొంచెం ఒత్తి పలికి, అద్దం నా వైపు తిప్పింది. అంత మర్యాదగా తప్పు దిద్దడం ఈ యంత్రానికి ఎప్పుడు వస్తుందో!

తిరుగు దారిలో ఇంకా కోపం వచ్చింది. ‘అకాయ్ షత్సు ఓ కితె ఇమాసు’ అంటే ‘ఎర్ర చొక్కా ధరిస్తున్నాడు’ అని తెలుగులో చెప్పింది. ఆ మనిషి అద్దం ముందు నిలబడి ఇంకా బొత్తాలు పెట్టుకుంటున్నాడా? మనం ‘వేసుకున్నాడు’ అంటే ఇప్పుడు ఒంటి మీద ఉందనే కదా. జపనీస్ వాక్యం చెప్పేది సరిగ్గా అదే. మధ్యలో ఇంగ్లీషు గుండా తిప్పి తెస్తున్నారని నా అనుమానం. ‘ధరించు’ అని మన ఇంట్లో ఎవరైనా అంటారా, అసలు?

నా పాత ఎలక్ట్రానిక్ నిఘంటువు మూత ఒక పక్క ఊడిపోయింది, రబ్బరు బ్యాండు వేసి వాడుతున్నాను. అందులో ‘వేర్’ కొడితే టోపీకి ఒకటి, చెప్పులకు ఒకటి అని విడగొట్టి, ఉదాహరణతో చూపిస్తుంది. మాట్లాడదు, అంతే తేడా.

స్టేషనులో దారి అడగడానికి, మందుల షాపులో జ్వరమని చెప్పడానికి ఇది చాలు. బట్టల కొట్టుకు మాత్రం తీసుకువెళ్లను. డబ్బు పెట్టి కొనమని కూడా చెప్పను. టోపీ కొన్నాను, ఇదిగో. కబుత్తె ఇమాసు.