లైబ్రరీలో ఉండాల్సిన పుస్తకం ఒకటి ఎవరూ రాయలేదు

నమస్తే అండీ. పోయిన నెల మా పెద్దమ్మ బాత్రూంలో జారిపడింది, తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే అయింది, కానీ ఇంటికి తెచ్చాక ఓ రెండు నెలలకి చక్రాల కుర్చీ కావాలి. రెండు నెలల కోసం కొనడమెందుకు, వాడుకుని తిరిగిచ్చేలా ఊరికే ఇచ్చేవాళ్లు ఉంటారు అని ఎవరో చెబితే, కాలనీ వాట్సాప్ గ్రూపులో అడిగాను. పది నిమిషాల్లో పదకొండు నంబర్లు! నాలుగు స్విచాఫ్, ఒకటి బిర్యానీ హోటల్‌ది. ఒక పెద్దాయనైతే పాపం, "అది కరోనా అప్పుడే ఆపేశాం బాబూ, ఈ వారంలో నువ్వు ఆరోవాడివి" అన్నాడు. చివరికి కుర్చీ ఎక్కడ దొరికిందో తెలుసా? మా వీధి చివర మెడికల్ షాపు పైన, మేడమీద గదిలో. రోజూ దాని కిందనుంచే పోతాను నేను.

అమెరికాలో 211కి ఫోన్ చేస్తే మీ దగ్గర్లో ఎవరు ఏం సాయం చేస్తారో చెబుతారు, 1997లో అట్లాంటాలో మొదలైంది. అక్కడ కొన్ని పబ్లిక్ లైబ్రరీలు తమ ఊరి సంఘాల జాబితా తామే రాసి పెట్టుకుంటాయి. మనకూ నంబర్లు లేక కాదు. పెద్దవాళ్లకి 14567, సైబర్ మోసాలకి 1930, న్యాయసాయానికి 15100 ఉన్నాయి. కానీ ఇవి దేశం మొత్తానికి కదా, మా వీధి మేడమీద గది సంగతి వాళ్లకెలా తెలుస్తుంది?

లైబ్రరీకి తెలియాలి. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం, రూపాయికి 8 పైసలు. హైదరాబాద్‌లో చిక్కడపల్లి లైబ్రరీకి పోతే గ్రూప్స్‌కి చదివే పిల్లలతో కుర్చీ ఖాళీ ఉండదు, మంచిదే. అక్కడే ఒక బల్ల మీద, దగ్గర్లో ఎవరు ఏం సాయం చేస్తారో రాసిన ఒక పెద్ద రిజిస్టర్ పెడితే ఎంత ఖర్చు చెప్పండి?

రాయడం కష్టం కాదు, దాన్ని బతికించడమే కష్టం. పేరు, నంబరు రాస్తే సరిపోదు. ఏ కాగితాలు పట్టుకెళ్లాలి, ఎన్నింటికి తీస్తారు, మెట్లెక్కాలా, లిఫ్టుందా, ఇవన్నీ ఉండాలి. ఉదాహరణకి న్యాయ సేవాధికార సంస్థ అని రాసి వదిలేస్తే ఎవరికేం అర్థమవుతుంది? 1987 చట్టం ప్రకారం ఆడవాళ్లకి, ఆదాయం ఎంతున్నా సరే, లాయర్‌ని ఉచితంగా ఇస్తారు అని రాస్తే, భర్త మీద కేసు వేయాలా వద్దా అని ఏడాదిగా నలిగిపోతున్న మనిషి ఆ లైను దగ్గర ఆగుతుంది. అన్నిటికంటే ముఖ్యం, ప్రతి లైను చివర ఒక తేదీ: ఆ నంబరుకి ఆఖరిసారి ఎవరైనా ఫోన్ చేసింది ఎప్పుడు అని. ఆరు నెలలు దాటితే పెన్సిల్‌తో కొట్టేయాలి.

నేనైతే ఒక లాంగ్ నోట్‌బుక్‌లో మొదలుపెట్టాను, పద్నాలుగు లైన్లయ్యాయి. మీ బస్తీలో ఇలాంటివి ఏమున్నాయో కింద రాయండి. సంస్థల నంబర్లే, మనుషుల సొంత నంబర్లు వద్దు. కానీ ముందు మీరే ఒకసారి ఫోన్ చేసి, ఎత్తారా లేదా చూసుకుని రాయండి. బిర్యానీ హోటల్ నంబర్ ఆల్రెడీ నా దగ్గరుంది.