రాయబారికి విషం పెట్టిందెవరు? స్పెల్స్ ఉన్న లోకంలో కుట్ర నడపడం

[తెర మీద: కారంపూడి, నాగులేరు ఒడ్డు. గొంతు మాత్రమే వినిపిస్తుంది.]

అలరాజు కథ మన గుంటూరు వైపు వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. కోడిపందెంలో ఓడిపోయి మాచర్ల వాళ్లు ఏడేళ్లు రాజ్యం వదిలి వెళ్లారు. గడువు తీరాక, మా రాజ్యం మాకిమ్మని అడగడానికి అలరాజు రాయబారిగా వెళ్లాడు. అవతల ఉన్న నలగామరాజుకు సొంత అల్లుడు. అయినా విషానికి బలైపోయాడు. వేళ్లన్నీ ఆ రాజు మంత్రిణి నాగమ్మ వైపు లేచాయి. ఆ తర్వాత పల్నాటి యుద్ధం.

ఇదే కథను డంజన్స్ అండ్ డ్రాగన్స్ టేబుల్ మీదికి, అంటే పాచికలు వేస్తూ పాత్రలుగా కథ నడిపే ఆటలోకి తెచ్చామనుకోండి. పార్టీలో, అంటే ఆటగాళ్ల పాత్రల జట్టులో, ఒక క్లెరిక్ ఉన్నాడు: దైవశక్తితో స్పెల్స్, అంటే మంత్రాలు వేసేవాడు. మూడో లెవెల్‌కి వచ్చాడంటే, అబద్ధం చెప్పనివ్వని జోన్ ఆఫ్ ట్రూత్ స్పెల్ వాడి చేతిలో ఉన్నట్టే. మంత్రిణిని నిలబెట్టి "విషం పెట్టించింది మీరేనా?" అని అడిగితే కథ కంచికి, మనం ఇంటికి.

[తెర మీద: వక్త, వెనక గోడకు చేత్తో గీసిన మ్యాపులు.]

విజయవాడలో మాతో ఆడేవాళ్లలో కొత్తగా డీఎం, అంటే కథ నడిపేవాడి సీట్లో కూర్చున్న ప్రతివాళ్లూ ఇదే అడుగుతారు: "అన్నా, ఇలాంటి స్పెల్స్ ఉంటే కుట్ర కథ ఎలా నడుస్తుంది? బ్యాన్ చేసేద్దామా?"

వద్దు. ముందు స్పెల్ రూల్‌ని చివరి వాక్యం దాకా చదవండి. కుట్రకు కావలసిన సరుకంతా అందులోనే ఉంది. నేను చెప్పేవన్నీ 2014లో వచ్చిన ఐదో ఎడిషన్ రూల్స్.

[తెర మీద: దర్బారు మ్యాప్. నేల మీద వెలుగుతున్న వలయం.]

జోన్ ఆఫ్ ట్రూత్ అంటే 15 అడుగుల వ్యాసార్ధం, 10 నిమిషాల సమయం. లోపల ఉన్నవాళ్లు కరిష్మా సేవింగ్ త్రో వేయాలి, అంటే తమ వ్యక్తిత్వ బలంతో మాయను తట్టుకోగలరో లేదో పాచిక వేసి తేల్చుకోవాలి. ఫెయిలైనవాళ్లు కావాలని అబద్ధం చెప్పలేరు. అంతే, అంతకు మించి ఏమీ లేదు. వంటమనిషికి ఎవరో పొట్లం ఇచ్చి, రాయబారి గారికి అరుగుదల మందు అని చెప్పారనుకుందాం. వలయం మధ్యలో నిలబడి "నేను మందే కలిపానయ్యా" అంటాడు. స్పెల్ అడ్డుపడదు, ఎందుకంటే అతను నమ్మింది అదే. ఈ స్పెల్ ఉన్న రాజ్యంలో బుర్ర ఉన్న మంత్రి ఎవరూ పనివాళ్లకు అసలు సంగతి చెప్పరు.

ఇంకో వాక్యం చూడండి. స్పెల్ తన మీద పనిచేస్తోందని ఆ మనిషికి తెలుస్తుంది. జవాబు దాటేయొచ్చు, నిజం గీత దాటకుండా మాట తిప్పొచ్చు. "అశ్వత్థామ హతః" అని గట్టిగా అని, "కుంజరః" అని మెల్లగా అన్న ధర్మరాజు ఈ వలయంలో కూడా గెలుస్తాడు.

మా టేబుల్ దగ్గర అది ఇలా నడిచింది. క్లెరిక్ ఆడుతున్న తమ్ముడు మంత్రిణిని అడిగాడు: "రాయబారి భోజనంలో మీరు విషం కలిపారా?"

"ఆ రోజు నేను వంటింటి గడపే తొక్కలేదు."

"కలపమని ఎవరికైనా చెప్పారా?"

"నన్ను నిలదీసే అధికారం నీకెవరిచ్చారు? రాజుగారు అడిగితే రాజుగారికి చెబుతాను."

"అన్నా, తప్పించుకుంటోంది!" అన్నాడు తమ్ముడు నా వైపు తిరిగి.

అవును, తప్పించుకుంటోంది. సభలో అందరికీ అర్థమైంది కూడా. కానీ రాజు అడగడు. అడిగి, జవాబు వచ్చిందంటే, ఖజానా తాళాలు ఎవరి దగ్గరున్నాయో ఆ మనిషినే శిక్షించాలి. కాబట్టి పార్టీ ఆ రాత్రే రాజుగారి కూతురి దగ్గరికి వెళ్లింది. చనిపోయింది ఆమె భర్త. అడగమని ఆమె పట్టుబడితే తండ్రి కాదనలేడు. స్పెల్ కథను ఆపలేదు, దర్బారులోంచి అంతఃపురంలోకి నడిపించింది.

ఇంకా ఉంది. ఎవరు సేవింగ్ త్రో తప్పారో, ఎవరు నెగ్గారో తెలిసేది స్పెల్ వేసినవాడికి ఒక్కడికే. 60 అడుగుల దూరం నుంచి వేయొచ్చు, అంటే తాను వలయం బయటే ఉండొచ్చు. "మంత్రిణి గారు స్పెల్‌కి లోబడ్డారు, ఆమె చెప్పిందంతా నిజం" అని ఆస్థాన పూజారి ప్రకటిస్తే నమ్మాల్సిందే. మరి ఆ పూజారి ఎవరి మనిషి?

[తెర మీద: కృష్ణ ఒడ్డు, చితి పేర్చుతున్న నీడలు.]

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన స్పెల్. స్పీక్ విత్ డెడ్, మూడో లెవెల్ స్పెల్ (స్పెల్ లెవెల్ వేరు, పాత్ర లెవెల్ వేరు). శవాన్ని ఐదు ప్రశ్నలు అడగొచ్చు. శవానికి నోరుండాలి. బతికున్నప్పుడు తనకు తెలిసిందే చెబుతుంది. ఒకసారి ఈ స్పెల్ వేశాక 10 రోజుల దాకా అదే శవం మీద మళ్లీ పనిచేయదు.

సమాధిలో శవం భద్రంగా దొరికే లోకాన్ని మనసులో పెట్టుకుని ఈ రూల్ రాశారనిపిస్తుంది నాకు. మన కథను మన దగ్గర నడిపితే సంగతి వేరు. పొద్దున పోయిన మనిషికి పొద్దుగూకేలోపు దహనం. కాలిపోయాక నోరెక్కడిది? కొరివి పట్టుకుని నిలబడ్డ, పోయినవాడి తమ్ముణ్ణి "ఒక్క గంట ఆగండి" అని ఒప్పించాలి. పురోహితుడు ముహూర్తం దాటిపోతోందంటాడు. బంధువుల్లో ఒకాయన తెగ తొందరపెడుతుంటాడు. ఆ తొందర శాస్త్రం కోసమా, ఇంకెవరి కోసమా? ఒక్క కత్తి దూయకుండా సెషన్ మొత్తం టెన్షన్‌తో నడుస్తుంది.

మంత్రిణికి కూడా ఈ రూల్ తెలుసు కదా! పార్టీ వచ్చేలోపే, సభ మర్యాద పేరుతో తన పూజారి చేత ఆ స్పెల్ వేయిస్తుంది. "స్వామీ, మీ ఆఖరి కోరిక ఏమిటి? దానాలు ఎవరికి?" ఐదు ప్రశ్నలూ భక్తిగా అడిగేస్తారు. ఇక 10 రోజులు శవం పలకదు. రేజ్ డెడ్‌తో బతికిద్దామన్నా చావు 10 రోజులు దాటకూడదు, 500 బంగారు నాణేల విలువైన వజ్రం కావాలి. అంత వజ్రం ఖజానాలో తప్ప ఎక్కడుంటుంది?

పైగా విషం తిన్న మనిషికి విషం ఎవరు పెట్టారో తెలియదు. వడ్డించిన చెయ్యి ఎవరిదో మాత్రమే తెలుసు.

[తెర మీద: మిగతా స్పెల్స్ పేర్లు వరసగా.]

చార్మ్ పర్సన్ గురించి ఒక్క మాట. గంటసేపు అవతలివాడు స్నేహితుడే. గంట తర్వాత, తనను మాయ చేసింది మీరేనని అతనికి తెలుస్తుంది. ద్వారపాలకుడి మీదైతే సరే, సేనాపతి మీద వేస్తే మాత్రం పగ కొనితెచ్చుకున్నట్టే.

డిటెక్ట్ థాట్స్‌తో పైపై ఆలోచనలు దొరుకుతాయి. లోతుకు దిగితే ఆ మనిషికి తెలిసిపోతుంది. పల్చటి సీసం రేకు అడ్డున్నా చాలు, పనిచేయదు. మంత్రాంగం గదికి సీసం తాపడం చేయించని రాజు ఉంటాడా? దర్బారులో స్పెల్ వేయాలంటే మంత్రం పైకి పలకాలి, చెయ్యి కదపాలి. అందరూ చూస్తారు. సటిల్ స్పెల్ అనే నేర్పు తెలిసిన సోర్సరర్‌కి, అంటే పుట్టుకతోనే మాయాశక్తి ఉన్నవాడికి, ఆ రెండూ అక్కర్లేదు, అందుకే వాణ్ణి ఏ రాజూ దగ్గరికి రానివ్వడు.

2000లో వచ్చిన మూడో ఎడిషన్‌లో పాలడిన్, అంటే ధర్మానికి కట్టుబడ్డ యోధుడు, ఎప్పుడు కావాలంటే అప్పుడు చెడును పసిగట్టే డిటెక్ట్ ఈవిల్ వాడేవాడు. దుర్మార్గపు మంత్రి గుమ్మంలోనే దొరికిపోయే ప్రమాదం ఉండేది. ఐదో ఎడిషన్‌లో దాని స్థానంలో వచ్చిన స్పెల్ దెయ్యాలనూ పిశాచాలనూ పట్టిస్తుంది కానీ, మనిషి మనసులోని చెడును పట్టించదు. కుట్ర కథలకు ఆ ఎడిషన్ చేసిన గొప్ప మేలు అది.

డీఎంలకు ఒక విన్నపం. విలన్ మెడలో అన్ని స్పెల్స్‌నీ ఆపే తాయెత్తు వేయకండి. ఐదో లెవెల్ క్లెరిక్‌కి మూడో లెవెల్ స్లాట్లు, అంటే ఆ స్థాయి స్పెల్ వేసే అవకాశాలు, రోజుకు రెండే. అందులో ఒకటి ఖర్చుపెట్టిన ఆటగాడికి ఏదో ఒకటి దక్కాలి: ఒక పేరో, ఒక అనుమానమో, కనీసం ఎవరు మాట దాటేశారన్న సంగతో. తాయెత్తుకు బదులు చట్టం పెట్టండి. రాజాజ్ఞ లేకుండా సభలో సత్యవలయం వేస్తే నేరం అని ఆట మొదలుకాకముందే చెప్పేయండి. దాన్ని ఉల్లంఘించాలా, ఆజ్ఞ సంపాదించాలా, సభ బయట పట్టుకోవాలా అన్నది వాళ్లే తేల్చుకుంటారు. మా వాళ్లు మూడోది ఎంచుకున్నారు: మంత్రిణి పల్లకీని కృష్ణ రేవులో ఆపారు.

[తెర మీద: రేవు మ్యాప్, పల్లకీ చుట్టూ 15 అడుగుల వలయం.]