ఈగకున్న గడియారం పిల్లాడికి ఉండదా?

వేదిక మీది పెద్దలకు, పిల్లలకు నమస్కారం. సన్మానాలకే నలభై నిమిషాలు పట్టింది కాబట్టి నా వంతు పొగడ్తలు మానేస్తున్నాను. శాలువా మాత్రం తిరిగివ్వను.

జీవ గడియారం గురించి, అంటే ఒంట్లోనే ఉండి పగలూ రాత్రీ వేళ చెప్పే ఏర్పాటు గురించి చెప్పమన్నారు. పొద్దుగూకితే చింతాకు ముడుచుకోవడం మనకు కొత్త కాదు. 1729లో ఫ్రాన్సులో ద మెయిరాన్ అనే శాస్త్రవేత్త ఆకులు ముడిచే మొక్కనొకదాన్ని చీకట్లో పెట్టి చూశాడు. ఎండ తగలకపోయినా పగటివేళకు ఆకులు విచ్చుకున్నాయి. దీని మీదే గంట మాట్లాడదామని వచ్చాను, కానీ దారిలో మనసు మారింది. ఈగ గురించి చెబుతాను.

మగ్గిన అరటిపండు మీద ముసురుతాయే, ఆ చిన్న ఈగలు. పురుగు ఈగగా మారే గూడును, అంటే ప్యూపాను చీల్చుకుని అవి తెల్లవారే వేళకు బయటికొస్తాయి. అమెరికాలోని కాల్‌టెక్ విశ్వవిద్యాలయంలో రాన్ కొనోప్కా అనే విద్యార్థి వేళ తప్పి వచ్చే ఈగల్ని ఏరాడు. మూడు రకాలు దొరికాయి. ఒకదానికి రోజంటే 19 గంటలు, ఇంకోదానికి 28, మూడోదానికి వేళాపాళా లేదు. మూడింటిలోనూ చెడింది ఒకటే జన్యువు! దానికి పీరియడ్ అని పేరు పెట్టి, 1971లో గురువు సీమోర్ బెంజర్‌తో కలిసి ప్రకటించాడు.

అది పనిచేసే తీరు చెప్తాను. మేడమీద ట్యాంకులో తేలే బంతి ఉంటుంది కదా, నీళ్లు నిండితే కొళాయి మూస్తుంది. అలాగే పీరియడ్ జన్యువు చేయించిన పెర్ ప్రోటీన్ రాత్రికి కణంలో పోగవుతుంది. టిమ్ అనే ఇంకో ప్రోటీన్‌ను తోడు చేసుకుని కేంద్రకంలోకి వెళ్లి, తనను పుట్టించిన జన్యువునే ఆపేస్తుంది. తెల్లారితే వెలుతురుకు టిమ్ కరిగిపోతుంది, పెర్ కూడా తగ్గిపోతుంది, కొళాయి మళ్లీ తెరుచుకుంటుంది. ఇదంతా తేల్చిన శాస్త్రవేత్తలు హాల్, రాస్‌బాష్, యంగ్‌లకు 2017లో నోబెల్ వచ్చింది. కొనోప్కా 2015లోనే పోయాడు. పోయినవాళ్లకు నోబెల్ ఇవ్వరు. నాకిది ఇప్పటికీ మింగుడుపడదు.

మనలోనూ ఇవే జన్యువులున్నాయి. సాయంత్రం ఏడున్నరకే నిద్ర ముంచుకొచ్చి, తెల్లవారుజాము నాలుగున్నరకు మెలకువొచ్చే ఒక కుటుంబంలో, పెర్2 అనే మనిషి పెర్ ప్రోటీన్‌లో ఒక్క అమైనో ఆమ్లం తేడా ఉందని 2001లో కనిపెట్టారు. మన రెసిడెన్షియల్ కాలేజీలు ఆ కుటుంబం కోసమే కట్టినట్టున్నారు! పదహారు, పదిహేడేళ్ల వయసులో గడియారం వెనక్కి జరుగుతుంది, నిద్ర ఆలస్యంగా వస్తుంది. అమ్మా, నాన్నా, మీ వాడిది బద్ధకం కాదు.

ఇది చెప్పడానికే వచ్చాను. రిటైరవక ముందు అలాంటి కాలేజీ ఒకదాంట్లో పాఠం చెప్పాను. ఉదయం అయిదింటి స్టడీ అవర్‌కు నేనే ఇన్‌చార్జి. మూడో బెంచీలో ఒకడు రోజూ తూగేవాడు. ఓరోజు విసుగొచ్చి మగ్గుతో నీళ్లు మొహాన కొట్టాను. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. జీవశాస్త్రం చెప్పేవాణ్ణి, ఈగ కథ తెలిసినవాణ్ణి!

ఆ సాయంత్రం ఏడింటికి వాడే లేచొచ్చి, బోర్డు మీద గుండె బొమ్మ గీశాడు. కవాటాలతో సహా, నాకంటే చక్కగా. వాడి నోటుబుక్కులో కాగితాలు ఇంకా తడిగానే ఉన్నాయి.