ఇంకా కాలేదా అని అడిగే ముందు

(మునుగోడు ప్రాంతంలోని ఒక అంగన్‌వాడీ కేంద్రంలో గర్భిణులు, వారి కుటుంబ సభ్యుల ముందు ఒక స్టాఫ్ నర్సు చేసిన ప్రసంగ పాఠం)

అమ్మలకు, అత్తమ్మలకు, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ తమ్ముళ్లకు నమస్కారం. ముందుగా ఆ కుర్చీలు నెలలు నిండినవాళ్లకు ఇవ్వండి. కింద కూర్చుంటే మళ్లీ లేపడానికి ఇద్దరు కావాలి.

సీమంతానికి ఊరంతా వస్తుంది. గాజులు తొడుగుతారు, ఫొటోలు దిగుతారు. ఆ తర్వాత ఆ అమ్మాయి చెవిన పడే మాట ఒక్కటే: "ఇంకా కాలేదా?" డాక్టరు కార్డు మీద రాసిన తేదీని పెళ్లి ముహూర్తంలా పట్టుకుంటారు. సరిగ్గా ఆ రోజే పుట్టే పిల్లలు చాలా తక్కువమంది. 37 వారాలు దాటాక, 41 నిండేలోపు ఎప్పుడైనా నొప్పులు రావచ్చు. తేదీ దాటితే డాక్టరుకు చూపించండి, ఆమెను మాత్రం రోజూ నిలదీయకండి.

ఆమె ఒళ్లు ఎలా ఉంటుందో వినండి. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు, పక్కకు తిరిగితే తుంటి నొప్పి. గర్భసంచి పెరిగి జీర్ణాశయాన్ని పైకి నొక్కుతుంది కాబట్టి రెండు ముద్దలు తిన్నా గుండెల్లో మంట. అర్ధరాత్రి పిక్కలు పట్టేసి కేక పెట్టి లేస్తుంది. బిడ్డ తల కిందికి దిగాక ఊపిరి కాస్త తేలికవుతుంది కానీ గంటకోసారి మూత్రానికి లేవాలి. మన ఇళ్లలో మరుగుదొడ్డి ఎక్కువగా వాకిలి చివర ఉంటుంది. చీకట్లో, కుక్కల మధ్య అంతదూరం ఎవరు నడుస్తారని ఆమె సాయంత్రం నుంచే నీళ్లు తాగడం మానేస్తుంది. ఈ మే నెల ఎండల్లో! మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తుంది, నీరు తగ్గి కడుపు బిగుసుకుపోతుంది, అది చూసి నొప్పులొచ్చాయని ఆసుపత్రికి పరుగెడతారు. తమ్ముళ్లూ, వాకిట్లో ఒక బల్బు పెట్టండి. రాత్రి ఆమె లేచినప్పుడు మీరూ లేవండి.

నడుము నొప్పి సంగతి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన ప్రాంతం మనది. నడుము నొప్పి అంటే ఇక్కడ ఎవరూ తల కూడా తిప్పి చూడరు, "మాకు లేదా?" అంటారు. మిషన్ భగీరథ నీళ్లొచ్చినా ఆ అలవాటు పోలేదు. కానీ నడుము నుంచి మొదలై ముందుకు పాకుతూ, వచ్చి పోతూ, రానురాను దగ్గరయ్యే నొప్పి కాన్పు నొప్పి. కాసేపు నడిస్తేనో పడుకుంటేనో తగ్గిపోయేవి దొంగ నొప్పులు. తేడా తెలియకపోతే సిగ్గుపడకుండా రండి, పదిసార్లు వచ్చినా మేం విసుక్కోకూడదు. విసుక్కునేవాళ్లూ ఉన్నారు, కాదనను.

కాళ్ల వాపు చాలామందికి ఉంటుంది. కానీ సీమంతం నాడు సులువుగా ఎక్కిన గాజులు ఇప్పుడు మణికట్టు మీద కదలకుండా బిగిసి, ముఖం ఉబ్బి, తలనొప్పి, కళ్ల ముందు మసక వస్తే బీపీ పెరిగిందేమో చూడాలి. ఆ పూటే వెళ్లాలి. అరచేతులు, అరికాళ్లు రాత్రిళ్లు నిద్ర పట్టనంత దురద పెట్టినా రక్తపరీక్ష అవసరం, అది కాలేయానికి సంబంధించినది కావచ్చు. ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా ఇంట్లో చర్చలొద్దు, 108కి ఫోను చేయండి.

అన్నిటికంటే ముఖ్యం బిడ్డ కదలికలు. "నెలలు నిండాయి, లోపల చోటు లేదు, అందుకే కదలడం లేదు" అని పెద్దవాళ్లు ధైర్యం చెబుతారు. అది తప్పు. కదిలే తీరు మారవచ్చు, కదలికలు తగ్గకూడదు. రోజూ తన్నే వేళకు తన్నలేదని ఆమె అంటే, బత్తాయి రసం తాగించి తెల్లారేదాకా చూద్దామనకండి. ఆ బిడ్డ సంగతి మా యంత్రం కంటే ముందు తెలిసేది ఆమెకే.

ఇక మనసు. చిన్న మాటకే ఏడుపొస్తుంది, స్టవ్ మీద పాలు మర్చిపోతుంది, పిచ్చి కలలొస్తాయి. ప్రాణభయం ఉంటుంది, పైకి అనదు. మొదట ఆడపిల్ల పుట్టిన ఇంట్లో "ఈసారైనా..." అని సగంలో ఆపే మాట ఒకటి ఉంటుంది. అత్తమ్మలూ, ఆ సగం మాట కూడా ఆమె నిద్ర చెడగొడుతుంది. ఆడా మగా తేల్చేది తండ్రి బీజం. దిగులు రెండు వారాలైనా వదలకపోతే, బతకాలని లేదన్న మాట ఒక్కసారి నోట వచ్చినా, డాక్టరుకు చెప్పండి. దాన్ని కూడా వైద్యమే తగ్గిస్తుంది.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు పెద్ద ఆపరేషన్లే. మాయ అడ్డుపడినప్పుడు, బిడ్డ గుండె చప్పుడు తగ్గినప్పుడు ఆ ఆపరేషన్ ప్రాణం నిలబెడుతుంది, నేను కళ్లారా చూశాను. పంచాంగం చూసి కోయించుకోవడం మాత్రం నాకు మింగుడుపడదు. "నొప్పులు పడలేను, కోసేయండమ్మా" అనే అమ్మాయిలు చాలామంది నొప్పికి కాదు, ఒంటరితనానికి భయపడుతున్నారు. పుట్టింటివాళ్లు కూలికి పుణెకో ముంబయికో వెళ్లి ఉంటారు, భర్త డ్యూటీలో ఉంటాడు. పక్కన ఎవరుంటారో ముందే మాట్లాడుకోండి. ఆసుపత్రికి తీసుకెళ్లే బండి ఎవరిది, కార్డు, బట్టల సంచి ఎక్కడున్నాయి, రక్తం అవసరమైతే ఎవరిస్తారు, ఇవన్నీ ఈ వారమే తేల్చండి.

ఇప్పుడు మీరు అడగండి. తమ్ముళ్లూ, బయటికి వెళ్లకండి, ఆ ప్రశ్నలు మీరూ వినాలి.