40 దాటాక పరుగులో వేగం పెరుగుతుందా? 9 నెలలు చేసి చూశాక నా రివ్యూ

నమస్తే అండి. ఈసారి షూ రివ్యూ కాదు, వాచ్ రివ్యూ కూడా కాదు. వాటి మాట మధ్యలో వస్తుంది కానీ ఈరోజు నేను రివ్యూ చేస్తున్నది ఒక ట్రైనింగ్ పద్ధతిని. వారంలో మూడు పరుగులు బాగా నెమ్మదిగా, ఒక్క పరుగు గట్టిగా, రెండు రోజులు కాళ్లకు బలమిచ్చే వ్యాయామం. అంతే. దీన్ని 9 నెలలు చేశాను, బలం వ్యాయామం మాత్రం కాస్త ఆలస్యంగా మొదలైంది.

నా వయసు 41. మొదలుపెట్టినప్పుడు 5 కిలోమీటర్లకు 31 నిమిషాల 20 సెకన్లు పట్టేది. పోయిన ఆదివారం అదే ట్రాక్ మీద 27 నిమిషాల 50 సెకన్లలో పూర్తయింది, అంటే కిలోమీటరుకు 6:16 నుంచి 5:34కి వచ్చాను. ఫలితం ముందే చెప్పేశాను, ఎందుకంటే ఈ వీడియోలో అసలు విషయం ఆ టైమింగ్ కాదు, అక్కడికి వచ్చే దారిలో ఏది పనిచేసింది, ఏది నన్ను మూడు వారాలు మంచానికి కట్టేసింది అన్నది.

దీనికి ముందు మూడేళ్లు వారానికి నాలుగు రోజులు పరిగెత్తాను. ఎప్పుడూ ఒకటే దారి, ఒకటే దూరం, ఒకటే వేగం. ప్రతిసారీ కాస్త ఆయాసం, ఇంటికి వచ్చాక కాస్త అలసట, బాగానే కష్టపడ్డాం అన్న తృప్తి. టైమింగ్ మాత్రం కదిలేది కాదు. వయసు మీద పడుతోంది, ఇక ఇంతే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మీలో చాలామంది ఇప్పుడు అక్కడే ఉన్నారని నాకు తెలుసు, అందుకే ముందు ఈ వయసు సంగతి తేల్చేద్దాం.

వయసు వల్ల తగ్గేది నిజంగానే ఉంది. శరీరం ఒక నిమిషంలో గరిష్ఠంగా ఎంత ఆక్సిజన్ వాడుకోగలదో ఆ కొలతను వీఓటూ మ్యాక్స్ అంటారు. వ్యాయామం లేనివాళ్లలో 30 దాటాక అది పదేళ్లకు దాదాపు 10 శాతం చొప్పున తగ్గుతూ వస్తుంది, కష్టపడి సాధన చేస్తూ ఉండేవాళ్లలో తగ్గుదల సుమారు సగమే ఉంటుంది. గుండె కొట్టుకోగల గరిష్ఠ వేగం మాత్రం ఎవరికైనా తగ్గుతుంది, దాన్ని ఆపలేం. అయితే ఈ లెక్కలో మనం మర్చిపోయేది ఒకటుంది. ఈ తగ్గుదల మన పైకప్పుకు, అంటే మనం చేరగలిగే గరిష్ఠ హద్దుకు సంబంధించినది. మనలాంటి మామూలు రన్నర్లం ఆ పైకప్పు దరిదాపుల్లోకి ఎన్నడూ వెళ్లలేదు కదా! అది ఏడాదికి కొంచెం కిందికి దిగుతోందని మనం బాధపడుతున్నాం, మనకూ దానికీ మధ్య ఉన్న ఖాళీని మాత్రం చూడట్లేదు. ఆస్ట్రేలియాకు చెందిన సినేడ్ డైవర్ ముప్పై దాటాక పరుగు మొదలుపెట్టి, 2022లో వాలెన్సియా మారథాన్‌ను 45 ఏళ్ల వయసులో 2 గంటల 21 నిమిషాల 34 సెకన్లలో పూర్తి చేశారు, అప్పటికి అది ఆ దేశపు మహిళల రికార్డు. ఆమెది అసాధారణమైన శరీరం, కాదనను. కానీ 33 దగ్గరే ఆలస్యమైపోయిందని ఆగిపోయి ఉంటే ఆ శరీరం సంగతి ఆమెకే తెలిసేది కాదు.

సరే, ఇప్పుడు పద్ధతిలోకి వద్దాం. మొదటిది, నాకు అన్నిటికంటే కష్టమైంది, నెమ్మదిగా పరిగెత్తడం.

నార్వేలో పనిచేసే స్టీఫెన్ సైలర్ అనే పరిశోధకుడు అగ్రశ్రేణి రన్నర్లు, స్కీయర్లు, రోయర్లు నిజంగా ఎలా సాధన చేస్తారో గమనించి, వాళ్ల సాధనలో సుమారు 80 శాతం తేలికగా, 20 శాతం గట్టిగా ఉంటుందని చూపించారు. ప్రపంచంలో అంత వేగంగా వెళ్లేవాళ్లు ఎక్కువ రోజులు హాయిగా మాట్లాడుకుంటూ పరిగెత్తుతారు. మనం ఏం చేస్తామంటే, తేలిక రోజున కాస్త ఎక్కువ కష్టపడతాం, గట్టి రోజున అలసిపోయి ఉంటాం కాబట్టి గట్టిగా వెళ్లలేం, చివరికి అన్ని రోజులూ ఒకేలా తయారవుతాయి. నా మూడేళ్లూ ఇలాగే పోయాయి.

మొదటి వారం గుండె వేగం నిమిషానికి 142 దాటకుండా పరిగెత్తాలని పెట్టుకున్నాను. కిలోమీటరుకు 7 నిమిషాల 40 సెకన్లు పట్టింది. చిన్న ఎత్తు వస్తే నడవాల్సి వచ్చింది. నాకంటే పెద్దవాళ్లు పక్కనుంచి దాటుకుని వెళ్తుంటే మనసు చివుక్కుమంది, నిజం చెప్తున్నాను, రెండుసార్లు వాళ్ల వెంట పడ్డాను కూడా. ఆరు వారాల వరకు ఏమీ మారలేదు. ఇక్కడే చాలామంది వదిలేస్తారు. అక్కడ ఆగకండి, దయచేసి. ఎందుకంటే ఈ నెమ్మది పరుగులో లోపల జరిగేది బయటికి కనపడదు: గుండె కొట్టుకున్న ప్రతిసారీ పంపే రక్తం పెరుగుతుంది, కండరాల్లో సన్నటి రక్తనాళాలు అల్లుకుంటాయి, కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పెరుగుతాయి. వీటికి ముఖ్యంగా కావాల్సింది గంటలు, ప్రతిసారీ ఆయాసం కాదు. ఐదో నెలకు అదే 142 దగ్గర కిలోమీటరు 6:50లో వచ్చింది, ఇప్పుడు 6:30 దగ్గర ఉంది. గుండె అంతే పని చేస్తోంది, కాళ్లు మాత్రం నిమిషానికి పైగా ముందున్నాయి. 5 కిలోమీటర్ల టైమింగ్ కంటే నాకు ఈ అంకె ఎక్కువ సంతోషం ఇచ్చింది.

ఒక సందేహం వస్తుంది, వాళ్లు వారానికి ఎన్నో గంటలు చేస్తారు, మనం మూడు నాలుగు గంటలు చేసేదానికి ఈ 80-20 అవసరమా అని. శాతాన్ని కచ్చితంగా పట్టుకోనక్కర్లేదు, నేనూ పట్టుకోలేదు. నాలుగు పరుగుల్లో మూడు తేలిక, ఒకటి గట్టి. కానీ తేలిక అంటే నిజంగా తేలిక, అందులో మాత్రం రాజీ వద్దు. పరిగెత్తుతూ ఒక పూర్తి వాక్యం ఊపిరి తెగకుండా చెప్పగలగాలి. రెండు మాటలకోసారి గాలి పీల్చుకుంటున్నారంటే వేగం ఎక్కువైనట్టే.

ఇప్పుడు వాచ్. గుండె వేగం చూసుకుని పరిగెత్తాలంటే ఆ అంకె సరైనదై ఉండాలి, రెండు చోట్ల నేను మోసపోయాను. ఒకటి సూత్రం. 220లోంచి వయసు తీసేస్తే నాకు గరిష్ఠం 179 రావాలి. 208లోంచి వయసులో 0.7 వంతు తీసేసే ఇంకో సూత్రం ఉంది, అదీ 179 అనే చెప్పింది. కానీ ఒక ఎత్తు రోడ్డు మీద మూడుసార్లు పూర్తి బలంతో పైకి పరిగెత్తినప్పుడు నాది 190 చూపించింది. సూత్రాలు చాలామంది సగటు చెప్తాయి, ఒక్కో మనిషికి పది అటూ ఇటూ ఉండటం మామూలే. గరిష్ఠంలో 75 శాతం లెక్కన, 179 పట్టుకుని ఉంటే నా తేలిక హద్దు 142 బదులు 134 దగ్గరే ఆగిపోయేది, పరుగు మొత్తం నడక అయ్యేది.

రెండోది సెన్సర్. మణికట్టు దగ్గర వాచ్ ఆకుపచ్చ వెలుగును చర్మంలోకి పంపి, రక్తం పారే తీరును బట్టి లెక్కేస్తుంది. పరిగెత్తేటప్పుడు చెయ్యి ఊగుతుంది కాబట్టి ఒక్కోసారి అది గుండె బదులు మన అడుగులను లెక్కపెట్టేస్తుంది. నాకు హాయిగా మాట్లాడగలుగుతున్నప్పుడు 168 చూపించేది, తర్వాత చూస్తే నా అడుగులు కూడా నిమిషానికి 168! ఛాతీకి కట్టుకునే స్ట్రాప్ గుండె విద్యుత్ సంకేతాన్నే పట్టుకుంటుంది కాబట్టి ఈ ఇబ్బంది లేదు. కట్టుకునే ముందు ప్యాడ్లు కాస్త తడపాలి, లేకపోతే మొదటి పది నిమిషాలు పిచ్చి అంకెలు వస్తాయి. ఈ 9 నెలల్లో కొన్న వస్తువుల్లో మళ్లీ కొంటానా అంటే ముందు చెప్పేది ఇదే. ఎండ ఎక్కువున్నప్పుడు, నిద్ర చాలనప్పుడు అదే వేగానికి గుండె వేగం పెరుగుతుంది, ఆ రోజు అంకెను నమ్మి నెమ్మదించండి.

గట్టి రోజుకు వద్దాం. నేను చేసింది నార్వేలోనే పేరు తెచ్చుకున్న 4 ఇంటూ 4. పది నిమిషాల వార్మప్, తర్వాత నాలుగు నిమిషాలు గరిష్ఠ గుండె వేగంలో 85 నుంచి 95 శాతం మధ్య, మూడు నిమిషాలు మెల్లగా జాగింగ్, ఇలా నాలుగుసార్లు. ఈ గట్టి విడతలనే ఇంటర్వెల్స్ అంటారు. 2007లో వచ్చిన ఒక నార్వే అధ్యయనంలో దీన్ని వారానికి మూడుసార్లు, ఎనిమిది వారాలు చేసినవాళ్ల వీఓటూ మ్యాక్స్ 7.2 శాతం పెరిగింది. కానీ అందులో పాల్గొన్నది కుర్రవాళ్లు. నాకు వారానికి ఒక్కటే ఎక్కువ.

ఎలా ఉంటుందంటే, మొదటి నాలుగు నిమిషాలు ఇంతేనా అనిపించాలి. అలా అనిపించలేదంటే వేగంగా మొదలుపెట్టారని అర్థం, మూడోదానికి కాళ్లు రాళ్లయిపోతాయి. నాలుగూ ఒకే వేగంతో రావాలి, చివరిది అయ్యాక ఇంకొకటి చేయమంటే చేయగలను కానీ వద్దు అనేలా ఉండాలి. నాకిది కుదరడానికి ఐదు వారాలు పట్టింది.

మూడో నెలలో టైమింగ్ కదలడం మొదలైంది. ఆ సంబరంలో గట్టి రోజులు రెండు చేశాను. రెండో వారమే, మూడో ఇంటర్వెల్ మధ్యలో ఎడమ పిక్కలో ఎవరో రాయి విసిరినట్టు తగిలింది, కుంటుకుంటూ ఇంటికి వచ్చాను. మూడు వారాలు పరుగు లేదు. ఫిజియోథెరపిస్ట్ చెప్పిన మాట నాకు బాగా పనికొచ్చింది: గుండె, ఊపిరితిత్తులు వారాల్లో మెరుగవుతాయి, కండరాలను ఎముకకు కట్టే టెండన్లకు నెలలు పడుతుంది. ఊపిరి సిద్ధమైపోయి ఇంకా వేగంగా వెళ్లమంటుంది, పిక్కలు, మడమ వెనక అకిలిస్ టెండన్ ఇంకా సిద్ధం కాలేదు. వయసు పెరిగేకొద్దీ ఈ తేడాకు మూల్యం ఎక్కువ, కోలుకోవడానికి పట్టే సమయమూ ఎక్కువ.

అందుకే ఈ పద్ధతిలో నేను మొదటి నెల నుంచే చేయాల్సిందీ, చేయనిదీ బలం వ్యాయామం. పరిగెత్తేవాళ్లకు అదెందుకు అనుకునేవాణ్ని. వయసుతో పాటు ముందు తగ్గేది వేగానికి పనికొచ్చే కండ పోగులే, నెమ్మది పరుగు ఒక్కటీ వాటిని కాపాడలేదు. నేను చేసేవి నాలుగే: ఒంటికాలి మీద మడమ పైకి లేపడం, అదే మోకాలు కొంచెం వంచి ఇంకోసారి, ఒంటికాలి స్క్వాట్, బరువు నేల మీంచి ఎత్తడం. మోకాలు వంచి చేసేది వదలకండి, పిక్క లోపలి పొరలో సోలియస్ అనే కండరం మీద ఎక్కువ పని పడేది అందులో, పరుగులో ఎక్కువ భారం మోసేదీ అదే. మొదట ఒంటికాలి మీద మడమ లేపడం 12 చేసేసరికి కాళ్లు వణికేవి, ఇప్పుడు వీపున బరువైన బ్యాగ్ వేసుకుని 15 వస్తున్నాయి. ఆ తర్వాత పిక్క మళ్లీ పట్టలేదు.

నిమిషానికి 180 అడుగులు ఉండాలి అన్న మాట గురించి చాలామంది అడిగారు. జాక్ డేనియల్స్ అనే కోచ్ 1984 ఒలింపిక్స్‌లో పోటీ వేగంతో పరిగెత్తుతున్న అగ్రశ్రేణి వాళ్ల అడుగులు లెక్కపెట్టి చెప్పిన సంగతి అది, మన నెమ్మది పరుగుకు పెట్టిన నియమం కాదు. మోకాలు నొప్పి ఉన్నవాళ్లు మాత్రం ఇప్పుడున్న అడుగులను 5 శాతం పెంచి చూడండి, అడుగు చిన్నదై మోకాలి మీద భారం తగ్గుతుంది. షూ గురించి ఒక్క మాటే: రెండు జతలు మార్చి మార్చి వాడుతున్నాను, బాగుంది, వేగం మాత్రం దానివల్ల రాలేదు.

ఇది ఎవరికి సరిపోదో కూడా చెప్పాలి. పరుగు ఇప్పుడే మొదలుపెడుతున్నవాళ్లు గట్టి రోజు జోలికి రావద్దు, మూడు నాలుగు నెలలు నడక, పరుగు కలిపి చేయండి. తేలిక పరుగు చివర్లో 20 సెకన్లు హాయిగా వేగం పెంచి, పూర్తిగా ఊపిరి కుదుటపడేదాకా నడిచి, అలా నాలుగుసార్లు చేస్తే మొదట్లో ఆ మాత్రం వేగం చాలు. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, ఇంట్లో చిన్న వయసులో గుండె జబ్బు వచ్చినవాళ్లున్నవాళ్లు, పరుగులో ఛాతీలో బిగుతుగా, కళ్లు తిరిగినట్టుగా అనిపించినవాళ్లు ఇంటర్వెల్స్ మొదలుపెట్టేముందు డాక్టర్‌ను కలవండి. ఇది మాటవరసకు చెప్పట్లేదు, నేను కూడా పరీక్షలు చేయించుకున్నాకే మొదలుపెట్టాను.

నేను ఇప్పుడు 10 కిలోమీటర్లకు ఇదే పద్ధతితో వెళ్తున్నాను, ఆదివారం తేలిక పరుగును 90 నిమిషాలకు పెంచాను. మీరు మొదలుపెడితే ముందు ఒక్క పని చేయండి: రేపటి పరుగులో పూర్తి వాక్యం మాట్లాడగలిగే వేగం ఎంతో చూసి, ఆ అంకెను తేదీతో సహా ఎక్కడైనా రాసిపెట్టుకోండి. మూడు నెలల తర్వాత అదే దారిలో, అదే సమయానికి మళ్లీ చూసి, రెండు అంకెలూ కింద కామెంట్‌లో పెట్టండి. పెరిగినా పెరగకపోయినా పెట్టండి, పెరగనివాళ్ల వారం ఎలా గడిచిందో చూసి ఎక్కడ ఆగిందో నాకు తెలిసినంతలో చెప్తాను.