ఒక్క పాట పట్టుకుని ఎలక్ట్రానిక్ మ్యూజిక్‌లోకి: రేడియోహెడ్ చూపించిన దారి

[స్క్రీన్ మీద: 'కిడ్ ఎ' ఆల్బమ్ కవర్, 2000]

గిటార్ అంటే పడిచచ్చేవాళ్ళని ఎలక్ట్రానిక్ మ్యూజిక్ వినమంటే "అందులో వాయించేదేముంది, బటన్ నొక్కడమేగా" అంటారు. వాళ్ళతో నేను వాదించను. రేడియోహెడ్ 'కిడ్ ఎ' ఆల్బమ్‌లోని పాట 'ఇడియోటెక్' పెడతాను.

1997లో 'ఓకే కంప్యూటర్' ఆల్బమ్‌తో ఈ ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ పేరు మోగిపోయింది. అలాంటిదే ఇంకొకటి వస్తుందని అందరూ ఎదురుచూశారు. సింగర్ థామ్ యార్క్‌కేమో రాక్ అంటేనే మొహం మొత్తింది. వార్ప్ అనే ఎలక్ట్రానిక్ మ్యూజిక్ లేబుల్ (రికార్డు కంపెనీ) పాత రికార్డులన్నీ కొనుక్కొచ్చి వినడం మొదలుపెట్టాడు. 1989లో షెఫీల్డ్‌లో పుట్టిన లేబుల్ అది. ఏఫెక్స్ ట్విన్, ఓటెకర్ లాంటి ఎలక్ట్రానిక్ ఆర్టిస్టుల రికార్డులు వేసింది ఆ లేబులే. మనిషి గొంతే లేని ఆ సంగీతం గిటార్ పాటలకి ఏమాత్రం తీసిపోకుండా తనని కదిలించిందని తర్వాత చెప్పాడు.

[ఆడియో: 'ఇడియోటెక్' మొదట్లో కొంచెం]

ముందు పొడిపొడిగా డ్రమ్ మెషీన్. దాని మీదికి మంచులా దిగే నాలుగు కార్డ్స్ (ఒకేసారి మోగే స్వరాల గుత్తులు) విన్నారా? అవి రేడియోహెడ్ వాయించినవి కావు! అమెరికాలో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో పాల్ లాన్‌స్కీ అనే కంపోజర్ 1973లో ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటర్ మీద చేసిన 'మిల్డ్ ఉంట్ లైజె'లోవి. అది 1976లో ఒక ఎల్పీ మీద వచ్చింది. ఆ రికార్డు గిటారిస్ట్ జానీ గ్రీన్‌వుడ్ చేతికి చిక్కింది. అతను దాదాపు 50 నిమిషాల పాటు రకరకాల శబ్దాలు కలిపి రికార్డ్ చేసి యార్క్‌కి ఇస్తే, అందులో అర నిమిషం పైచిలుకు ముక్క దగ్గర యార్క్ ఆగిపోయాడు. పాట దాని మీదే కట్టారు. అనుమతి తీసుకుని, ఆల్బమ్ మీద లాన్‌స్కీ పేరు కూడా వేశారు.

ఇంకో తమాషా. లాన్‌స్కీ పెట్టిన 'మిల్డ్ ఉంట్ లైజె' అన్న పేరు జర్మన్ కంపోజర్ వాగ్నర్ ఆపెరా 'ట్రిస్టన్ ఉంట్ ఇసోల్డె' చివరి పాటలోని మొదటి మాటలు. ఆ ఆపెరా మొదటి ప్రదర్శన 1865లో. అంటే మీరు రాక్ పాట అనుకుని వింటున్నదానికి కంప్యూటర్ ల్యాబ్ మీదుగా జర్మన్ ఆపెరాతో చుట్టరికం ఉందన్నమాట.

అదే ఆల్బమ్‌లోని 'హౌ టు డిసపియర్ కంప్లీట్లీ' పాటలో గాలిలో తేలుతున్నట్టు వినిపించేది కూడా సింథసైజర్ కాదు, 1928 నాటి ఓండ్ మార్తెనో అనే తొలితరం ఎలక్ట్రానిక్ వాద్యం. అదో పెద్ద కథ, ఇంకో వీడియోలో.

[స్క్రీన్ మీద: ఆల్బమ్ కవర్లు వరసగా]

మరి ఏది ముందు వినాలి? ఏఫెక్స్ ట్విన్ 'సెలెక్టెడ్ యాంబియెంట్ వర్క్స్ 85-92' పెట్టండి. ఇది వార్ప్ రికార్డు కాదు, అయినా మొదలుపెట్టడానికి ఇంతకన్నా మంచిది నాకు తెలీదు. మెలొడీ ఉంటుంది, భయపెట్టదు. ఓటెకర్ జోలికి మాత్రం వెంటనే వెళ్ళకండి. 1995లో వచ్చిన 'ట్రై రిపీటే' గొప్ప ఆల్బమే, కానీ మొదటిసారి వింటే ఫ్యాక్టరీలో మెషీన్ల మధ్య నిలబడ్డట్టుంటుంది. అందులోని లయ చెవికి పట్టుబడటానికి టైమ్ పడుతుంది.

లాన్‌స్కీ రచన పూర్తిగా వినాలంటే దాదాపు 18 నిమిషాలు. మీకు తెలిసిన ఆ కార్డ్స్ మొదటి నిమిషంలోనే వచ్చేస్తాయి. అక్కడితో ఆపేయకండి.